ఫ్యాన్ మార్చమన్నారా? ముందు ఆ వేడి ఎక్కడిదో చూడండి

మీరు రాసింది ఒకసారి చెప్పుకుందాం. నాలుగేళ్ళ నాటి 15 అంగుళాల ల్యాప్‌టాప్, 11వ తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, విండోస్ 11. ఆన్ చేసిన ఐదు నిమిషాలకే ఫ్యాన్ హోరు మొదలవుతుంది, వర్డ్ ఒక్కటే తెరిచి పెట్టినా తగ్గదు. మీటింగులో అవతలివాళ్ళు ఆ మిక్సీ ఆపండి అంటున్నారు. షాపులో చూపిస్తే ఫ్యాన్ పోయింది, మార్చి ఫార్మాట్ కొట్టాలి, 3,800 అవుతుందన్నారు. మార్చాలా వద్దా అని అడిగారు.

ఇంకా డబ్బులివ్వకండి. పోయిన ఫ్యాన్ మామూలుగా మీరు చెప్పినట్టు హోరుమనదు. అసలు తిరగదు, లేదా గరగరమంటుంది. గాలి గట్టిగా కొడుతూ హోరుమంటోందంటే ఆ ఫ్యాన్ ఆరోగ్యంగానే ఉంది, దాని చేత ఎవరో పని చేయిస్తున్నారు. ఆ చేయిస్తున్నది ఎవరో తెలియకుండా ఫ్యాన్ మారిస్తే కొత్త ఫ్యాన్ కూడా అదే హోరు పెడుతుంది. పదిహేనేళ్ళుగా ఈ రిపేరు బల్ల మీద పని చేస్తున్నాను, ఇలా వేరేచోట ఫ్యాన్ మార్పించుకుని నా దగ్గరికి వచ్చిన ల్యాప్‌టాప్‌లకు లెక్క లేదు.

లోపల జరిగేది రెండు ముక్కల్లో చెప్తాను, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. ప్రాసెసర్ చిప్ వేలి గోరంత ఉంటుంది. దాని మీద వేడిని పైకి అందించే థర్మల్ పేస్ట్, పేస్ట్ మీద రాగి పలక, పలకకు అతికించిన రాగి గొట్టం. ఆ గొట్టం బోలుగా ఉంటుంది, లోపల గాలి తీసేసి కొద్దిగా నీరు పెట్టి మూసేస్తారు. చిప్ దగ్గర ఆ నీరు ఆవిరై, రెండో కొసకు వెళ్ళి చల్లబడి, గొట్టం లోపలి గోడల వెంట వెనక్కి వస్తుంది. రెండో కొస దగ్గర దువ్వెన పళ్ళలాంటి పల్చటి రేకులుంటాయి, వాటిని ఫిన్స్ అంటారు. ఫ్యాన్ అడుగు నుంచి గాలి పీల్చి ఆ రేకుల మధ్య నుంచి బయటికి ఊదుతుంది. వేడి పుట్టడం, వేడి రేకుల దాకా రావడం, రేకుల నుంచి బయటికి పోవడం. ఈ మూడింటిలో ఒకటి చెడితేనే ఫ్యాన్‌కు పని పెరుగుతుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది, అందుకే కొద్దిపాటి వేడికి కూడా చెవులకు అంత తేడా తెలుస్తుంది.

కాబట్టి ముందు చూడాల్సింది మూడు అంకెలు. పని ఎంత, వాట్లు ఎన్ని, డిగ్రీలు ఎన్ని. ల్యాప్‌టాప్‌ను గట్టి బల్ల మీద పెట్టి, చార్జర్ తగిలించి ఆన్ చేయండి. ఏమీ తెరవకుండా పదిహేను నిమిషాలు వదిలేయండి, ఎందుకంటే ఆన్ అయిన వెంటనే విండోస్ తన ఇంటి పనులన్నీ మొదలుపెడుతుంది, అప్పుడు చూసిన అంకెకు విలువ లేదు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో సీపీయూ శాతం చూడండి. వాట్లకూ డిగ్రీలకూ హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో (HWiNFO) అనే ప్రోగ్రామ్ దింపుకోండి, సొంత వాడకానికి ఉచితం. తెరిచేటప్పుడు సెన్సార్స్ ఓన్లీ అని టిక్ పెడితే పొడవాటి పట్టిక వస్తుంది. దాంట్లో మనకు కావలసినవి రెండే వరుసలు, సీపీయూ ప్యాకేజ్ అని ఉన్న ఉష్ణోగ్రత, సీపీయూ ప్యాకేజ్ పవర్ అని ఉన్న వాట్లు. మిగతా వందల అంకెలు చూసి టెన్షన్ పడకండి.

మీ తరం చిప్ ఖాళీగా కూర్చున్నప్పుడు 5 శాతం లోపు పని, 5 వాట్ల లోపు కరెంటు, గది వేడి కంటే 15 నుంచి 20 డిగ్రీలు ఎక్కువగా ఉండటం మామూలు. అంటే గది 30 ఉంటే 45 నుంచి 50. మేలో ఏసీ లేని గది 36 ఉంటే 55 అయినా తప్పు పట్టకండి. డిసెంబర్‌లో నోరెత్తని ల్యాప్‌టాప్ ఎండాకాలం అరవడం జబ్బు కాదు, బయటి గాలి ఎంత వేడిగా ఉంటే లోపలి లెక్క అంత పైకి జరుగుతుంది. అందుకే ఉట్టి డిగ్రీలు చెప్పి బాగుందా అని అడిగేవాళ్ళను నేను ముందు గది వేడి ఎంత అని అడుగుతాను.

ఇప్పుడు మీ అంకెలు ఎటు చూపిస్తున్నాయో చూద్దాం.

మొదటి దారి. శాతం, వాట్లు రెండూ ఎక్కువగా ఉంటే ఎవరో లోపల పని చేస్తున్నారు. స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ అన్న పదం మీద నొక్కితే ఎక్కువ తింటున్నది పైకి వస్తుంది. ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. మీలాంటి చిప్‌లో సాధారణంగా నాలుగు కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, ఒక్కోదానికి రెండు పని వరుసల చొప్పున ఎనిమిది త్రెడ్లు. ఒక ప్రోగ్రామ్ పిచ్చెక్కి ఒక త్రెడ్‌ను పూర్తిగా పట్టేసుకుంటే మొత్తం మీద కనిపించేది ఎనిమిదో వంతు, అంటే 12, 13 శాతం, టర్బో, అంటే చిప్ అవసరానికి తన మామూలు వేగం దాటి పరుగెత్తడం, దానివల్ల ఇంకొంచెం. 13 శాతమే కదా అని దాటేస్తారు. కానీ ఆ ఒక్క కోర్ తన పూర్తి వేగంతో రోజంతా పరుగెత్తుతూ ఉంటుంది, ఫ్యాన్ హోరుకు అది చాలు.

నేనే ఒకసారి దాటేశాను. ఒక లెక్చరర్‌గారి ల్యాప్‌టాప్, ఇదే ఫిర్యాదు. చూడగానే దుమ్మే అనుకుని విప్పాను, శుభ్రం చేశాను, పేస్ట్ మార్చాను, మూశాను. ఆన్ చేస్తే అదే హోరు. మళ్ళీ విప్పాను. రెండోసారి మూసి, అప్పుడు టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రింట్ పనులను వరుసలో పెట్టే ప్రింట్ స్పూలర్ 13 శాతం దగ్గర కదలకుండా కూర్చుని ఉంది. కాలేజీలో ఎప్పుడో ప్రింట్ ఇచ్చారు, ప్రింటర్ ఆఫ్‌లో ఉంది, ఆ ఫైల్ అక్కడే ఇరుక్కుపోయింది. మూడు వారాలుగా ఆ ల్యాప్‌టాప్ పక్క ఊరి కాలేజీలో ఉన్న ప్రింటర్ కోసం ఎదురు చూస్తోంది. క్యూ ఖాళీ చేస్తే రెండు నిమిషాల్లో ఫ్యాన్ సద్దుమణిగింది. అప్పటినుంచి టాస్క్ మేనేజర్ చూడకుండా ఏ ల్యాప్‌టాప్ అడుగూ విప్పలేదు.

మీకు కనిపించే పేర్లలో కొన్ని నిజంగా దోషులు కావు. యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అంటే విండోస్ వాళ్ళ డిఫెండర్, స్కాన్ చేస్తోంది. విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ అంటే అప్‌డేట్ ఎక్కుతోంది. సెర్చ్ ఇండెక్సర్ మీ ఫైళ్ళకు పట్టిక రాసుకుంటోంది. వీటిని చంపకండి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాయి. ఒక రాత్రి చార్జర్ పెట్టి, మూత తెరిచి, స్లీప్‌కు వెళ్ళకుండా వదిలేయండి. తెల్లారేసరికి చాలావరకు ముగించేస్తాయి. ఫార్మాట్ కొట్టాక కూడా మొదటి ఒకటి రెండు రోజులు ఇవన్నీ కలిసి అరుస్తాయని షాపువాళ్ళు చెప్పరు, అది వేరే సంగతి. రెండు రోజుల తర్వాత కూడా రోజూ అదే పేరు పైన కనిపిస్తే అప్పుడు అనుమానించాలి.

బ్రౌజర్ పైన ఉంటే బ్రౌజర్‌లోనే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ వాటి సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఏ ట్యాబ్ తింటోందో, ఏ ఎక్స్‌టెన్షన్ తింటోందో విడిగా చూపిస్తుంది. ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతుంది. యూట్యూబ్‌కే ఫ్యాన్ లేస్తోందంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ (పాత పేరు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్) ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆఫ్ అయితే వీడియో విప్పే పని మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. మీ 11వ తరం చిప్‌లో ఏవీ1 రకం వీడియోను కూడా విప్పే భాగం విడిగా ఉంది. 8వ తరం వాటిలో అది లేదు, అందుకే అలాంటి పాత ల్యాప్‌టాప్ అదే వీడియోకు ఎక్కువ వేడెక్కితే ఆశ్చర్యపోకండి.

మీటింగుల సంగతి విడిగా చెప్పాలి. మీ వెనక గోడ కనిపించకుండా మసకగా చేస్తారు చూడండి, ఆ బ్యాక్‌గ్రౌండ్ బ్లర్. ప్రతి ఫ్రేములోనూ మనిషెక్కడ, గోడెక్కడ అని లెక్క కట్టే పని అది. దాన్ని ఆపి ఒక మీటింగు నడిపి చూడండి. గోడ బాగాలేదనుకుంటే ఒక దుప్పటి వేలాడదీయండి, ప్రాసెసర్‌కు ఖర్చు లేదు.

ఇంకొకటి. ఏమీ చేయకపోయినా హోరుమంటూ, టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాన్ మెల్లగా తగ్గి, మూయగానే మళ్ళీ లేస్తోందా? అలా ప్రతిసారీ జరిగితే అనుమానించండి. మీ కరెంటుతో క్రిప్టో తవ్వే ప్రోగ్రామ్‌లు కొన్ని టాస్క్ మేనేజర్ కనబడగానే దాక్కుంటాయి. ఎక్కువగా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో పాటు వస్తాయి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోను ముందే తెరిచి పెట్టి, పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి, వచ్చి వాట్ల వరుసలో మాగ్జిమమ్, యావరేజ్ చూస్తే బయటపడుతుంది. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అనే ఆప్షన్ ఉంది, అది విండోస్ లేవకముందే వెతుకుతుంది. అది నడపండి. ఫార్మాట్ అన్న మాటకు ఏమైనా న్యాయం ఉందంటే ఈ ఒక్క సందర్భంలోనే.

ఇప్పుడు రెండో దారి. శాతం 3, వాట్లు 4, కానీ డిగ్రీలు 70, 75. పని లేదు, వేడి మాత్రం ఉంది. అంటే పుట్టిన కాస్త వేడి కూడా బయటికి పోవడం లేదు. నాలుగేళ్ళు ఒక్కసారి కూడా విప్పలేదన్నారు కాబట్టి మీ పందెం దీని మీద పెట్టమంటాను.

విప్పకుండానే ఇంకో మెట్టు ముందుకు వెళ్ళొచ్చు. ఫ్యాన్ హోరుమంటున్నప్పుడు గాలి బయటికొచ్చే చోట, అంటే స్క్రీన్ మడత దగ్గరో పక్కనో, అరచేయి పెట్టండి. గాలి బాగా వేడిగా ఉండి, నీరసంగా వస్తోందంటే రేకుల ముందు దుమ్ము అడ్డం పడింది. గాలి జోరుగా వస్తోంది, కానీ గోరువెచ్చగానే ఉంది, లోపల మాత్రం 90 చూపిస్తోందంటే వేడి అసలు రేకుల దాకా రావడం లేదు. అప్పుడు తప్పు పేస్ట్‌ది, లేదా రాగి పలక సరిగ్గా ఆనడం లేదు. అరచేతి పరీక్ష నాకు నేర్పింది నా మొదటి ఓనరు. పాతికేళ్ళ అనుభవం ఉన్న ఆయనకు ఏ సాఫ్ట్‌వేర్ పేరూ తెలియదు, చెయ్యి పెట్టి చెప్పేవాడు.

దుమ్ము అంటే మీరు అనుకునే దుమ్ము కాదు. ఫ్యాన్ రెక్కల మీద పల్చగా పేరుకున్నది పెద్దగా ఏమీ చేయదు. అసలు శత్రువు ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య సందులో కూర్చుంటుంది. అక్కడ బట్టల నూగు, వెంట్రుకలు, దుమ్ము కలిసి ఒత్తుకుని కంబళి ముక్కలా తయారవుతాయి. అడుగు కవర్ తీస్తే అది కనిపించదు, చూడటానికి అంతా శుభ్రంగానే ఉందనిపిస్తుంది. ఫ్యాన్‌ను పట్టి ఉంచే రెండు మూడు స్క్రూలు తీసి దాన్ని పక్కకు జరిపితేనే బయటపడుతుంది. ట్వీజర్‌తో ఒక మూల పట్టుకుని లాగితే మొత్తం ఒకే పట్టీగా ఊడి వస్తుంది, అగ్గిపెట్టె పొడవున, బూడిద రంగులో. వరంగల్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసు నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లో ఆ పట్టీ తెల్లగా ఉంది, అచ్చంగా పత్తే. వాళ్ళు కావాలంటే దాన్ని మళ్ళీ తూకం వేసుకోవచ్చు. వంటింటి పక్కన పనిచేసే వాటిలో ఇంకోరకం, పోపు నూనె ఆవిరి పట్టి దుమ్ము జిగటగా మారుతుంది. బ్లోయర్‌కు రాదు, బ్రష్‌తో గోకాల్సిందే. రోజూ పక్కనే అగరుబత్తి వెలిగించే ఇళ్ళలోనూ అంతే.

అందుకే బయటి నుంచి బ్లోయర్ కొట్టొద్దంటాను. షాపుల్లో ఐదు నిమిషాల్లో చేసే సర్వీసు అదే, గాలి పోయే కంతలోంచి బుస్సుమని కొడతారు. ఆ పట్టీ బయటికి రాదు, వెనక్కి వెళ్ళి ఫ్యాన్ గూటిలో పడుతుంది. మర్నాటి నుంచి టకటకమని కొత్త శబ్దం. విప్పి కొట్టేటప్పుడు కూడా ఫ్యాన్ రెక్కను వేలితోనో అగ్గిపుల్లతోనో కదలకుండా ఆపాలి. బ్లోయర్ గాలికి ఫ్యాన్ తన హద్దు దాటి తిరుగుతుంది, బేరింగ్ అరుగుతుంది. కొత్తలో ఆ గిర్రుమనే శబ్దం సరదాగా ఉండి ఒక కస్టమర్ ముందే తిప్పి చూపించాను, ఆ ఫ్యాన్‌ను తర్వాత నా జేబులోంచి మార్చాల్సి వచ్చింది.

మీరే విప్పుతానంటే ఇలా చేయండి. వారంటీ ఎలాగూ అయిపోయింది. పూర్తిగా షట్‌డౌన్ చేయండి, చార్జర్ తీసేయండి. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూనూ ఆ బొమ్మలో అదే చోట టేపుతో అంటించండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డ్ పక్కన బొడిపె లేస్తుంది, లేదా బోర్డుకు గుచ్చుకుంటుంది. ఈ తప్పు చేయనివాడు ఈ లైన్లో లేడు. రెండు స్క్రూలు వెనక రబ్బరు కాళ్ళ కింద దాగి ఉండొచ్చు. అన్నీ తీశాక కూడా కవర్ రాకపోతే బలం వాడకండి, ఇంకోటి మిగిలి ఉంది. చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలుంటాయి, పాత ఏటీఎం కార్డు దూర్చి మెల్లగా జరుపుతూ పోతే టిక్కు టిక్కుమని వదులుతాయి. కవర్ రాగానే మొదట చేయాల్సింది బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. వైరు పట్టి కాదు, కనెక్టర్ పట్టి. ఆ పక్కనే బ్యాటరీ ఉబ్బిందేమో కూడా చూడండి. ఉబ్బితే ఫ్యాన్ సంగతి పక్కన పెట్టి ముందు బ్యాటరీ మార్చండి, గుచ్చడం, నొక్కడం అసలు వద్దు.

ఫ్యాన్ తీసి, పట్టీ లాగేసి, రేకుల మధ్య టార్చ్ వేస్తే అవతలి వెలుతురు కనిపించాలి. కనిపిస్తే మూసేసి మళ్ళీ ఆ మూడు అంకెలు చూడండి. చాలామందికి కథ ఇక్కడే ముగుస్తుంది. తగ్గితే పేస్ట్ జోలికి పోవద్దు.

తగ్గకపోతేనే పేస్ట్. రాగి పలక స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు రాసి ఉంటాయి. తీసేటప్పుడు పెద్ద అంకె నుంచి, బిగించేటప్పుడు చిన్న అంకె నుంచి, ఒకేసారి పూర్తిగా కాకుండా కాస్త కాస్త. పలక ఎత్తితే పాత పేస్ట్ ఎండిన సున్నంలా పెళుసుగా కనిపిస్తుంది. చిప్ నడిమధ్య అసలు పేస్టే లేకుండా అంచుల్లో గట్టుకట్టి ఉంటే అది కూడా మామూలే. వేడెక్కి చల్లబడినప్పుడల్లా కొద్దికొద్దిగా పక్కకు పోతుంది. 99 శాతం ఐసోప్రోపిల్ ఆల్కహాల్‌తో తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో నీరు, గ్లిజరిన్ ఉంటాయి. మీ తరంలో అద్దంలా మెరిసే ముక్కలు రెండు కనిపిస్తాయి, పెద్దది ప్రాసెసర్, చిన్నది దాని తోడు చిప్. పాత పేస్ట్ ఏయే ముక్కల మీద ఉందో చూసుకుని అక్కడే రాయండి. గోరంత చిప్‌కు మూలలు కూడా కప్పేలా పల్చటి పూత చాలు. ఎక్కువైతే అదే పక్కకు వస్తుంది, ప్రమాదం లేదు. మూలలు ఖాళీగా వదిలేయడమే ప్రమాదం. చుట్టుపక్కల చిప్‌ల మీద మెత్తటి పట్టీలు, అంటే థర్మల్ ప్యాడ్లు ఉంటే చిరగకుండా ఎత్తండి. చిరిగితే అదే మందం ఉన్నవి వేయాలి. అర మిల్లీమీటర్ ఉన్నచోట ఒక మిల్లీమీటర్ మందం ఉన్నది వేస్తే రాగి పలక చిప్‌కు ఆనకుండా లేచి నిలబడుతుంది, మీరు పెట్టిన పేస్ట్ అంతా వృథా. ఒకసారి వేరే చోట సర్వీస్ అయి వచ్చిన ల్యాప్‌టాప్‌లో కొత్త ప్యాడ్ మీది పారదర్శకమైన ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించేశారు. పాపం ఓనరు ఆరు నెలలు ఫ్యాన్‌ను తిట్టుకున్నాడు.

పేస్ట్ రెండు మూడు వందల రూపాయల ట్యూబ్ సరిపోతుంది. లిక్విడ్ మెటల్ అని ఎవరైనా ఊరిస్తే వినకండి. దాంట్లో గాలియం ఉంటుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా కరెంటు పారుతుంది. ఒక్క చుక్క పక్కకు జారితే బోర్డు పోతుంది. ఇంటి ల్యాప్‌టాప్‌కు ఆ సాహసం అక్కర్లేదు.

మూడో దారి చిన్నది. శాతం తక్కువ, వాట్లు తక్కువ, డిగ్రీలు 45, ఫ్యాన్ మాత్రం పూర్తి వేగంతో. వేడే లేదు, అయినా తిరుగుతోంది. ఇప్పుడు ఫ్యాన్‌నో, దాన్ని నడిపే కంట్రోలర్‌నో అనుమానించొచ్చు. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి, చాలా మోడళ్ళలో ఆ చిన్న కంట్రోలర్ మళ్ళీ మొదటినుంచి లెక్క మొదలుపెడుతుంది. తర్వాత కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు కొత్త బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచి బోర్డును నడిపే ప్రోగ్రామ్, ఉంటే వేయండి, చార్జర్ తగిలించి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు. ఫ్యాన్ ఎప్పుడు ఎంత వేగంగా తిరగాలనే పట్టిక అందులోనే ఉంటుంది. శబ్దం ఆపకుండా సన్నగా, ఒకే తీరుగా ఉంటే బయోస్ సెట్టింగ్స్ కూడా ఒకసారి చూడండి, కొన్ని హెచ్‌పీ మోడళ్ళలో చార్జర్ పెట్టినంతసేపూ ఫ్యాన్ ఆగకూడదనే ఆప్షన్ ఉంటుంది. ఫ్యాన్‌కు సాధారణంగా నాలుగు వైర్లు. రెండు కరెంటుకు, ఒకటి వేగం ఎంతుండాలో చెప్పడానికి, ఒకటి ఎంత తిరుగుతున్నానో ఫ్యాన్ తిరిగి చెప్పడానికి. ఆ చివరి వైరు తెగితే బోర్డుకు లెక్క అందదు. కొన్ని మోడళ్ళు భయంతో పూర్తి వేగానికి తీస్తాయి, కొన్ని ఆన్ అయ్యేటప్పుడే ఫ్యాన్ ఎర్రర్ చూపి ఆగిపోతాయి.

చెవితో కూడా కొంత తెలుసుకోవచ్చు. హోరు అంటే గాలి. గరగర అంటే బేరింగ్ అరిగింది, ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ వంచితే ఆ శబ్దం మారుతుంది. దీనికి మాత్రం ఫ్యాన్ మార్చాల్సిందే, నూనె చుక్క వేస్తే రెండు వారాలు బతుకుతుంది అంతే. పేజీ పైకి కిందికి జరిపితే మారే సన్నటి కీచు శబ్దం అసలు ఫ్యాన్‌ది కాదు, బోర్డు మీది కాయిల్‌ది. దానికి ఫ్యాన్ మార్చి డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మార్చాల్సి వస్తే పాత ఫ్యాన్ స్టిక్కర్ ఫోటో తీసి, ఆ నంబరుతోనే కొనండి. రెండు ఫ్యాన్లున్న మోడళ్ళలో ఎడమ, కుడి వేరు, చూడటానికి కవలల్లా ఉంటాయి.

ఏ దారిలోనూ తప్పు లేదు, అయినా పని మొదలుపెట్టగానే హోరుమంటుందనుకోండి. అప్పుడు టర్బోను పట్టుకోవాలి. మీ చిప్ 1135జీ7 అయితే దాని మామూలు వేగం 2.4 గిగాహెర్ట్జ్, టర్బోలో 4.2 దాకా పోతుంది. ఆ పై వేగం కోసం చిప్ వోల్టేజ్ కూడా పెంచుకుంటుంది. వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ వర్గంతో కూడా పెరుగుతుంది, అందుకే చివరి ఆ కాస్త వేగం చాలా ఖరీదు. బండి యాభైలో ఇచ్చే మైలేజీ తొంభైలో ఇవ్వనట్టే. సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీలో పవర్ మోడ్‌ను బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీకి మార్చండి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ కనిపిస్తే 100 బదులు 99 పెట్టండి, ఆ ఒక్క శాతంతో టర్బో ఆగిపోతుంది. వర్డ్, మెయిల్, మీటింగులకు తేడా దాదాపు తెలియదు. పెద్ద ఎక్సెల్ ఫైల్ లెక్క కట్టేటప్పుడు తెలుస్తుంది, అప్పుడు తిరిగి 100 పెట్టుకోండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ వరుస దాచేస్తారు, కంపెనీ సొంత యాప్‌లో క్వైట్ మోడ్ ఇస్తారు, అదే పని చేస్తుంది. వోల్టేజ్ తగ్గించే చిట్కా, అండర్‌వోల్టింగ్, గురించి వీడియోలు చాలా ఉన్నాయి. 2019 చివర ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయోస్‌లో ఆ తలుపు మూసేశాయి, మీదాంట్లోనూ మూసే ఉండొచ్చు. దాని వెంట పడి సాయంత్రం పాడుచేసుకోకండి.

కూలింగ్ ప్యాడ్ కొనాలా అని కూడా అడిగారు. దుమ్ము పట్టీ ఉన్న ల్యాప్‌టాప్‌కు అది దండగ. లేనిదానికి కాస్త సాయం. దానికంటే ముందు వెనక రబ్బరు కాళ్ళు అరిగాయేమో చూడండి, గాలి పీల్చే సందు ఆ నాలుగు మిల్లీమీటర్లే. అరిగితే వెనక రెండు మూలల కింద నీళ్ళ సీసా మూతలు రెండు పెట్టండి, నేనిప్పుడు ఇది రాస్తున్న ల్యాప్‌టాప్ కింద అవే ఉన్నాయి. పరుపు మీద, ఒళ్ళో దిండు మీద పెట్టి పనిచేసే అలవాటుంటే ఫ్యాన్‌ను ఏమీ అనే హక్కు మనకు లేదు.

ఈ రాత్రి అప్‌డేట్లు ఉంటే పూర్తి కానివ్వండి. రేపు పొద్దున చార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి, శాతం, వాట్లు, డిగ్రీలు, పక్కనే గది వేడి రాసి ఇక్కడ పెట్టండి. అరచేతికి గాలి వేడిగా తగిలిందా, నీరసంగా వచ్చిందా అన్నది కూడా. షాపువాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే ఫ్యాన్ ఎన్ని ఆర్పీఎంలో, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు, తిరుగుతోందో, అప్పుడు చిప్ ఎన్ని డిగ్రీలుందో అడగండి. ఆ రెండూ చెప్పగలిగితే వాళ్ళ చేతే విప్పించండి, మీ ముందే కూర్చుని, ఆ పట్టీ బయటికి లాగేదాకా చూసి రండి.